తెలుగు బ్లాగుకి థీమ్ పెడుతున్నవా? ముందు అక్షరం చూడు తమ్మీ, రంగులు తర్వాత

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. నల్లగొండ చుట్టుపక్కల గుళ్లు, శాసనాల మీద బ్లాగర్‌ల రాస్తున్నవు, నెట్‌ల దొరికిన ఒక ఫ్రీ థీమ్ దింపి ఎక్కించినవు, ఎక్కించినప్పటి సంది హెడ్డింగుల అక్షరాలు ఎడం ఎడం అయినయి, ఒత్తులు కింద తెగుతున్నయి, కొన్ని పోస్టులల్ల అక్షరం ఒక తీరు ఇంకొన్నిట్ల ఇంకో తీరు వస్తున్నది, ఫోన్ల తెరిస్తె అసలు ఆ థీమే కాదు వేరేది కనపడుతున్నది, ఇవన్నీ సర్దుకునుడా లేకపోతె వర్డ్‌ప్రెస్‌కి పోవుడా అని అడిగినవు. పోవాల్సిన పని లేదు. నేను మహబూబ్‌నగర్‌ల ఉంటా, 12 ఏండ్ల సంది ఈ పనే చేస్తున్న, ఎక్కువగా తెలుగు సార్లకు, కథలు రాసేటోళ్లకు బ్లాగులు నిలబెట్టి ఇచ్చిన. నువ్వు చెప్పిన ఈ నాలుగు తిప్పలూ దాదాపు ప్రతి తెలుగు బ్లాగుల చూసిన. కారణం ఒక్కటే, ఆ థీమ్ తయారుచేసినాయన ఇంగ్లీషు అక్షరం పెట్టి చూసుకున్నడు, మన అక్షరం పెట్టి చూడలే. అందుకే థీమ్ ఎంచుకునేటప్పుడు డెమో పేజీ ఎంత అందంగ ఉన్నదో చూడొద్దు, నీ పోస్టు ఒకటి దాంట్ల పెట్టి చదివి చూడాలె.

ఏది ముట్టుకోకముందు బ్యాకప్ తీసుకో. బ్లాగర్ డ్యాష్‌బోర్డుల థీమ్ అని ఉంటది, అందుల కస్టమైజ్ బటన్ పక్కన చిన్న బాణం గుర్తు, అది నొక్కితె బ్యాకప్ అని వస్తది, డౌన్‌లోడ్ కొడితె ఒక ఎక్స్ఎంఎల్ ఫైలు దిగుతది. దానికి తేదీ పేరు పెట్టి దాచుకో, తర్వాత మార్పు చేసిన ప్రతిసారీ ఇంకోటి దింపుకో. గుర్తుంచుకో, ఆ ఫైలుల థీమ్ ఒక్కటే ఉంటది, నీ పోస్టులు ఉండవు, పోస్టుల బ్యాకప్ సెట్టింగ్స్ కింద వేరే ఉంటది, అది కూడ తీస్కో. సైడ్‌బార్‌ల గ్యాడ్జెట్లు ఏవేవి ఉన్నయో, వాటిల్ల ఏం రాసినవో లేఅవుట్ పేజీని ఫోటో తీసి పెట్టుకో, ఎందుకంటె థీమ్ మార్చినప్పుడు కొన్ని గ్యాడ్జెట్లు పోతయి, పోయినంక అందుల ఏముండెనో యాదికి రాదు. నాకు ఇది బాధపడి తెలిసింది. పాలమూరు ఊర్ల పేర్ల మీద నేనొక బ్లాగు నడిపేటోణ్ని, ఒక రాత్రి బ్యాకప్ లేకుండ ఎడిట్ హెచ్‌టీఎంఎల్‌ల ఏదో తీసేసి సేవ్ కొట్టిన, 3 ఏండ్ల సంది కొంచెం కొంచెం చేసుకున్న మార్పులు ఒక్క దెబ్బకు పోయినయి, ఆ మెనూ, ఆ ఊర్ల పట్టిక మళ్ల కూర్చొని చేసుడు వారం పట్టింది. నీకు ఆ వారం వద్దు.

ఇగ ఆ ఫ్రీ థీమ్ సంగతి. కింద ఫుటర్ల ఎవరిదో లింకు ఉన్నది, తీసేస్తె బ్లాగు తెరవంగనే వేరే సైట్‌కి పోతున్నది అన్నవు కదా. అట్లాంటి థీమ్‌లల్ల ఒక స్క్రిప్టు గజిబిజి అక్షరాలల్ల దాచిపెట్టి ఉంటది, లింకు ఉన్నదా లేదా అని అది చూసుకుంటది, లేకపోతె చదివేటోణ్ని వాళ్ల సైట్‌కి తోలుతది. ఆ స్క్రిప్టును వెతికి తీసేసే ఉపాయాలు వీడియోలల్ల చెప్తరు గని నేను వద్దంటా, దాంట్ల ఇంకేం దాగి ఉన్నదో నీకూ నాకూ తెల్వదు, నీ బ్లాగుకు వచ్చేటోళ్లు నిన్ను నమ్మి వస్తరు. దాన్ని మొత్తం వదిలెయ్. బ్లాగర్‌వాళ్లే 2017ల కాంటెంపో, సోహో, ఎంపోరియో, నోటబుల్ అని నాలుగు కొత్త థీమ్‌లు ఇచ్చిన్రు, అవి ఫోన్‌కి, కంప్యూటర్‌కి రెండింటికీ సర్దుకుంటయి. సోహో, ఎంపోరియో ఫోటోలు ముందు కనపడేటట్టు కట్టినవి, బట్టల దుకాణానికో ఫోటోలు తీసేటోళ్లకో బాగుంటయి. నీది పొడుగు రాత, కాబట్టి నోటబుల్ గని కాంటెంపో గని తీస్కో. నన్నడిగితె నోటబుల్. నీకు అది సాదాగ అనిపించొచ్చు, అయితె ఒక శాసనం గురించి 20 పేరాలు చదివేటాయనకు సాదాగ ఉండుడే కావాలె.

ఇప్పుడు అసలు పని, అక్షరం. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా, ఓపికగ చదువు.

అక్షరాలు ఎడం ఎడం ఎందుకైతున్నయంటె లెటర్ స్పేసింగ్ అనే సెట్టింగు వల్ల. ఇంగ్లీషు హెడ్డింగులకు క్యాపిటల్ అక్షరాలు పెట్టి మధ్యల 2 పిక్సెల్స్ గ్యాప్ ఇస్తె అందంగ ఉంటది, అందుకని థీమ్ చేసేటోళ్లు అది పెట్టేస్తరు, అదే మన తెలుగుకు వచ్చేసరికి పదం పదంలాగ కనపడదు, అక్షరాల ముక్కలు పేర్చినట్టు ఉంటది. కస్టమైజ్ లోపల అడ్వాన్స్‌డ్ అని ఉంటది, అందుల యాడ్ సీఎస్ఎస్ అనే పెట్టె ఉంటది, సీఎస్ఎస్ అంటె పేజీ రూపం ఎట్లుండాలో చెప్పే చిన్న కోడ్, అక్కడ హెడ్డింగులకు, మెనూకు, తేదీకి లెటర్ స్పేసింగ్ సున్నా అని రాయి. నేనిక్కడ తెలుగుల రాస్తున్న గని అక్కడ మాత్రం ఇంగ్లీషులనే కొట్టాలె, అది తెలుసు కదా. హెచ్‌టీఎంఎల్‌ల చెయ్యి పెట్టకుండ ఈ పెట్టెలనే సగం పనులు అయితయి, తప్పు పోతె ఆ లైను తీసేస్తె సరిపోతది, అందుకే కొత్తోళ్లకు నేను ముందు ఇదే చూపెడుత.

ఒత్తులు తెగేది లైన్ హైట్ వల్ల. ఇంగ్లీషు హెడ్డింగుకు 1.2 చాలు, మనకు పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. రాష్ట్రం అని రాసి చూడు, శాస్త్రి అని రాసి చూడు, 1.2ల కింది భాగం పక్క లైను మీద పడతది, ఇగ ఆ డబ్బాకు ఓవర్‌ఫ్లో హిడెన్ అని పెట్టి ఉంటె కిందిది మొత్తానికే కోసుకపోతది. నీకు సోమేశ్వరాలయం అన్న హెడ్డింగుల వ ఒత్తు సగమే కనపడుడు దీనివల్లనే. హెడ్డింగులకు 1.5, లోపలి రాతకు 1.8 పెట్టు. అక్షరం సైజు 18 పిక్సెల్స్ కంటె తగ్గొద్దు, ఇంగ్లీషుకు 16 సరిపోతది గని మన ఒత్తులు ఆ సైజుల చిన్నగైపోయి యాభై దాటినోళ్లకు కండ్లు గుంజుతయి, గుళ్ల గురించి చదివేటోళ్లల్ల వాళ్లే ఎక్కువ ఉంటరు. లైను వెడల్పు 700 పిక్సెల్స్ లోపల ఉంచు. జస్టిఫై మాత్రం పెట్టకు, పుస్తకంలాగ రెండు దిక్కుల సమానంగ ఉంటదని అందరు పెడతరు గని మన మాటలు పొడుగువి, దేవాలయప్రాంగణంలో అన్న ఒక్క మాటే ఫోన్ల సగం లైను తీస్కుంటది, అప్పుడు మిగిలిన రెండు మాటల మధ్య ఇంతింత ఖాళీ వస్తది. ఎడమ దిక్కు సమానంగ ఉంటె చాలు. ఇటాలిక్ కూడ తెలుగుకు పనికిరాదు, మన ఫాంట్లల్ల చాలావాటికి వంగిన అక్షరం వేరే లేదు, బ్రౌజరే నిలువు అక్షరాన్ని పక్కకు గుంజి చూపెడతది.

ఒక్కో పోస్టుల ఒక్కో తీరు అక్షరం రావడం థీమ్ తప్పు కాదు. నువ్వు వర్డ్‌ల టైపు చేసి అక్కడ్నించి కాపీ కొట్టి పెడుతున్నవు కదా, అప్పుడు రాతతో పాటు ఆ ఫాంటు పేరు, సైజు, రంగు అన్నీ పోస్టు లోపలికి వస్తయి, ఇగ నువ్వు ఎన్ని థీమ్‌లు మార్చినా ఆ పోస్టు మాత్రం మారదు. ఇప్పటిసంది పెట్టేటప్పుడు కంట్రోల్ షిఫ్ట్ వీ కొట్టు, ఒట్టి రాతే వస్తది. పాత పోస్టులకు, మొత్తం సెలెక్ట్ చేసి క్లియర్ ఫార్మాటింగ్ బటన్ నొక్కు. వంద పోస్టులు ఉన్నయి అంత ఓపిక లేదంటె యాడ్ సీఎస్ఎస్‌ల పోస్ట్ బాడీ లోపలి స్పాన్‌లన్నిటికీ, అంటె వర్డ్ నుంచి ఫాంటును మోసుకొచ్చిన ట్యాగ్‌లకు, ఫాంట్ ఫ్యామిలీ ఇన్‌హెరిట్ అని రాసి చివర ఆశ్చర్యార్థకం పెట్టి ఇంపార్టెంట్ అని చేర్చు, సైజుకు గూడ అట్లనే, ఇది అతుకు పనే గని నడుస్తది. ఇంకొక్క మాట, నీ పాత వ్యాసాలు డీటీపీ సెంటర్‌ల ‘అను’ అనే పేరున్న ఫాంట్లల్ల కొట్టించినవి అంటివి, అవి యూనికోడ్ కావు, అంటె అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదివే తీరు కాదు, అట్లనే పెడితె పిచ్చి గుర్తులొస్తయి, ముందు యూనికోడ్‌కి మార్చుకోని తర్వాత ఒక్కో లైను సరిచూసుకో. శాసనం పాఠంల ఒక్క అక్షరం మారితె అర్థమే మారుతది, నాకంటె నీకే బాగ తెలుసు.

ఫాంటు ఏది పెట్టాలె అన్నవు. లోపలి రాతకు నోటో సాన్స్ తెలుగు అని ముందు రాసి, దాని వెనక నిర్మలా యూఐ, దాని వెనక గౌతమి అని వరుసగ రాయి. ఆండ్రాయిడ్ ఫోన్లల్ల నోటో ముందే ఉంటది, విండోస్ 8 సంది నిర్మలా ఉంటది, అంతకుముందు విండోస్‌లల్ల గౌతమి, కాబట్టి చాలామందికి ఫాంటు దిగాల్సిన పనే లేకుండ పేజీ తెరుచుకుంటది, సిగ్నల్ సరిగ లేని ఊర్ల ఇది చాన ముఖ్యం. గూగుల్ ఫాంట్స్ నుంచి తెప్పించుకునేది హెడ్డింగు కోసం ఒక్కటి చాలు. సిలికానాంధ్ర వాళ్లు ఇచ్చినవి అక్కడ మస్తున్నయి, మండలి, రామభద్ర, మల్లన్న, గిడుగు, సురవరం. నేనైతె నీకు సురవరం చెప్తా. అక్షరం నిండుగ ఉంటది, గుడి పేరు రాస్తె ఆ పేరుకు తగ్గ బరువు వస్తది. ఆ పేరు చూసినప్పుడల్ల నాకు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారే మనసుల మెదులుతరు, నిజాం కాలంల 1926ల గోలకొండ పత్రిక పెట్టి తెలుగు అచ్చేసుడు, తెలంగాణల కవులే లేరన్న మాటకు 1934ల 354 మంది కవులతోటి గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పుడు, అంత కష్టంల తెలుగు అచ్చు నిలబెట్టిన్రు. మనకు ఇయ్యాల అక్షరం పైస లేకుండ దొరుకుతున్నది, కనీసం ఒత్తు తెగకుండ చూపెట్టాలె కద. అయితె ఒక జాగ్రత్త, సురవరం, మండలి లాంటివాటికి బోల్డ్ వేరే లేదు, నువ్వు బోల్డ్ పెడితె బ్రౌజర్ తనే లావు చేసి చూపిస్తది, అక్షరం లోపలి ఖాళీలు పూడ్చుకపోయి మరకలాగ అయితది. హెడ్డింగుకు ఫాంట్ వెయిట్ 400 అని రాయి, తెలుస్తదా.

ఫాంటు లింకు ఎడిట్ హెచ్‌టీఎంఎల్‌ల హెడ్ కింద పెట్టేటప్పుడు సేవ్ కాకుండ ఎర్రగ ఎర్రర్ వస్తది చాలామందికి. బ్లాగర్ థీమ్ ఎక్స్ఎంఎల్ కదా, గూగుల్ ఇచ్చిన లింకుల ఉన్న అంపర్సాండ్ గుర్తును అది ఒప్పుకోదు, ఆ గుర్తు వెనక ఏఎంపీ అని రాసి సెమీకోలన్ పెట్టాలె, లింకు ట్యాగ్ చివర స్లాష్ కూడ ఉండాలె. ఈ రెండే. ఇది తెల్వక రాత్రంత కూసున్నోళ్లను చూసిన నేను.

ఫోన్ల వేరే థీమ్ కనపడుడు చిన్న సంగతి. కస్టమైజ్ పక్కన అదే బాణం కింద మొబైల్ సెట్టింగ్స్ అని ఉంటది, అందుల మొబైల్ అని ఉంటె బ్లాగర్ తన సొంత మొబైల్ థీమ్ చూపెడతది, అడ్రస్ చివర ఎమ్ ఈక్వల్ టు 1 అని కనపడతది, లోపల నువ్వు చేసిన మార్పులు ఆ మొబైల్ థీమ్‌కి అందవు. దాన్ని డెస్క్‌టాప్ అని మార్చు, అప్పుడు నీ థీమే ఫోన్ సైజుకు సర్దుకుంటది.

ఫోటోల సంగతి నీ బ్లాగుకు పెద్దది. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం పోస్టు చూసిన, పొద్దంత లింగం మీద కదలకుండ నిలబడే ఆ నీడ కోసమే జనం అంత దూరం వస్తరు, నీ ఫోటోల ఆ నీడే మసకగ ఉన్నది. నువ్వు ఫోటో బాగనే తీసినవు, పోస్టుల అది చిన్న సైజుల కూసున్నది, థీమ్ దాన్ని వెడల్పంత గుంజి చూపెడుతున్నది. పోస్టును హెచ్‌టీఎంఎల్ వ్యూల తెరువు, ఫోటో అడ్రస్‌ల ఎస్ 320 అని కనపడతది, దాన్ని ఎస్ 1200 అని మార్చు, అదే ఫోటో తేటగ వస్తది. ఇకముందు ఎక్కించేటప్పుడే ఎక్స్‌ట్రా లార్జ్ ఎంచుకో. అట్లని ఫోన్ల తీసిన 5 ఎంబీ ఫోటోలు పదిహేను ఒక్క పోస్టుల కుమ్మరించకు, ముందే 1200 పిక్సెల్స్ వెడల్పుకు తగ్గించుకొని ఎక్కించు. ప్రతి ఫోటోకు ఆల్ట్ టెక్స్ట్ రాయి, గుడి పేరు, ఊరు పేరు, ఏ దిక్కు నుంచి తీసినవో. చూపు లేనోళ్ల ఫోన్ అదే చదివి వినిపిస్తది, గూగుల్‌ల ఫోటోలు వెతికేటోళ్లకూ అదే ఆధారం.

సెట్టింగ్స్‌ల ఒక పది నిమిషాలు కూసో. భాష తెలుగు చెయ్యి, నెలల పేర్లు, వ్యాఖ్యలు అన్న మాటలు తెలుగుల వస్తయి. టైమ్ జోన్ భారత్‌ది పెట్టు, ముందుగ అది అమెరికా పసిఫిక్ టైమ్ ఉంటది, అందుకే నీ పొద్దటి పోస్టు నిన్నటి తేదీతోటి వస్తున్నది. లింకు సంగతి చాన ముఖ్యం: తెలుగు టైటిల్ ఇస్తె బ్లాగర్ దాన్ని లింకుల పెట్టదు, బ్లాగ్ పోస్ట్ అండర్‌స్కోర్ 5 అని ఏదో నంబర్ పెడతది. అందుకని పబ్లిష్ కొట్టకముందే కుడిదిక్కు పర్మాలింక్‌ల కస్టమ్ ఎంచుకొని ఇంగ్లీషు అక్షరాలతోటి పానగల్ ఛాయా సోమేశ్వర అని రాయి, మాటల మధ్య అడ్డగీత. పబ్లిష్ అయినవాటిని ఊకె మార్చకు, వాట్సాప్‌ల పోయిన పాత లింకులు చచ్చిపోతయి, తప్పదనుకుంటె సెట్టింగ్స్‌ల కస్టమ్ రీడైరెక్ట్ పెట్టి మార్చు.

మెనూకు లేబుళ్లు పెట్టినవు, గుళ్లు, కోటలు, శాసనాలు అని, బాగున్నది. అయితె లేబుల్ పేజీలు గూగుల్‌కి ఎక్కవు, ఏ పేజీలు చూడొద్దో గూగుల్‌కి చెప్పే రోబోట్స్ ఫైలుల బ్లాగర్ సెర్చ్ అని మొదలయ్యే పేజీలను ఆపి ఉంచుతది. అందుకే పేజెస్‌ల ఒక విషయసూచిక పేజీ చేసి నీ చేతోటి మండలాల వారీగ లింకులు రాయి, మెనూల మొదలు అదే పెట్టు. అది చేసినంక నా ఊర్ల పేర్ల బ్లాగుకు వచ్చేటోళ్లు ఒక్క పోస్టు చదివి పోకుండ నాలుగైదు తిరగడం నేను కండ్లార చూసిన.

సైడ్‌బార్‌ల ఉన్న గడియారం, విజిటర్ కౌంటర్, ఉరికే అక్షరాలు తీసెయ్, ఒక్కొక్కటి ఎక్కడో వేరే సర్వర్ నుంచి వస్తది, అది ఆగితె నీ పేజీ ఆగుతది. రంగులు రెండే, తెల్లని నేల మీద ముదురు నలుపు రాత, లింకులకు ఒక్క కుంకుమ రంగు. బూడిద రంగు రాత పెట్టకు, ఎండల బస్టాండ్‌ల నిలబడి చదివేటోళ్లకు అది కనపడదు.

ముందు పేజీల పోస్టు కొంచెమే చూపించి మిగిలింది లోపల ఉంచుడు థీమ్‌కి వదిలిపెట్టకు. దింపుకున్న థీమ్‌లు ఇన్ని అక్షరాలని లెక్కపెట్టి టక్కున కోస్తయి, ఇంగ్లీషుల అయితె మాట సగం తెగుతది అంతే, మనకు అక్షరమే సగం తెగి చివర పొల్లు మిగులుతది. రాసేటప్పుడే నీకు నచ్చిన వాక్యం తర్వాత జంప్ బ్రేక్ పెట్టు.

వర్డ్‌ప్రెస్ గురించి. నీకు సొంత హోస్టింగ్ తీస్కొని అప్‌డేట్లు, బ్యాకప్‌లు చూసుకునే తీరిక ఉన్ననాడు పో, థీమ్ అక్షరాలు సరిగ లేవని మాత్రం పోకు, అక్కడ గూడ ఇవే సర్దుకోవాలె. పోయిననాడు రెండు గుర్తుపెట్టుకో. థీమ్ ఫైళ్లల్ల డైరెక్ట్‌గ మార్పు చెయ్యకు, అప్‌డేట్ రాంగనే తుడుచుకపోతది, చైల్డ్ థీమ్, అంటె అసలు థీమ్‌ను ముట్టకుండ నీ మార్పులు వేరేగ ఉంచే చిన్న థీమ్, చేసుకొని అందుల చెయ్యి. రెండోది లింకు, అక్కడ తెలుగు టైటిల్ లింకుల వస్తది గని ఒక్కో తెలుగు అక్షరం గుర్తు 9 ఇంగ్లీషు గుర్తులుగ మారుతది, మొత్తం జాగ 200, అంటె 22 గుర్తులు దాటంగనే కోసేస్తది, అందుకని అక్కడ గూడ ఇంగ్లీషు అక్షరాలల్లనే రాసుకో. డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్ ఎవరన్న ఊరికే ఇస్తమంటె తీస్కోకు, వాటిల్ల దొంగ కోడ్ పెట్టి పంచుతరు.

ఇగ నువ్వు అడగలే గని నేనే చెప్తున్న, నీ శాసన పాఠాలు. ఇప్పుడు మామూలు పేరాలాగ పెట్టినవు, రాతి మీద పంక్తి ఎక్కడ ముగిసిందో చదివేటాయనకు తెలుస్తలేదు. ఒక పాఠాన్ని కోట్ బటన్‌తోటి బ్లాక్ కోట్ చెయ్యి, యాడ్ సీఎస్ఎస్‌ల ఆ బ్లాక్ కోట్‌కి వైట్ స్పేస్ ప్రీ లైన్ అని రాయి, అప్పుడు హెచ్‌టీఎంఎల్ వ్యూల నువ్వు ఎంటర్ కొట్టిన కాడ్నే పంక్తి ఆగుతది. ఫాంట్ స్టైల్ నార్మల్ పెట్టు, లేకపోతె చాలా థీమ్‌లల్ల కోట్ అంటె ఇటాలిక్ వస్తది. లైన్ హైట్ 2 ఇయ్యి, అక్షరం కింద అక్షరం ఉన్న పాత రాతకు జాగ కావాలె. పొడుగు పంక్తి ఫోన్ల రెండు లైన్లు అయితె కొత్త పంక్తో పాతదో తెల్వదు, అందుకని ప్రతి పంక్తి ముందు 1, 2, 3 అని నంబర్ వెయ్యి, రాయి పగిలి చదవరాని కాడ మూడు చుక్కలు పెట్టు. ముందు ఒక్క చిన్న శాసనానికి చేసి, ఇంట్ల ఉన్న అన్నిట్లకంటె పాత ఫోన్ల తెరిచి స్క్రీన్‌షాట్ పెట్టు, పంక్తులు ఎట్ల విరిగినయో చూసి మిగిలింది చెప్తా.